గుత్తకిచ్చిన పిలుపు

మేఘసరస్సు మీద మధ్యాహ్నపు ఎండ వెన్నపూసలా పరుచుకుని ఉంది. నీళ్ళ అడుగున చేపలు పక్కకి తిరిగినప్పుడల్లా వాటి వెండి కడుపులు తళుక్కుమని మాయమవుతున్నాయి. తామరాకుల మీద నీటికోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని, పేరంటానికి బయలుదేరినట్టు నడుస్తున్నాయి. అంత అందమైన సరస్సు మీద ఒక నాటుపడవ సున్నపు గంపలతో గూబతిప్ప అనే దీవి వైపు సాగిపోతోంది. తెడ్డు వేస్తున్నది శతద్వీప రాజ్యపు యువరాణి వకుళ. నుదురు నుంచి మోకాళ్ళ దాకా సున్నం పూసుకుని గంపల మధ్య కూర్చున్నవాడు ఆమె భర్త, యువరాజు మేఘధ్వజుడు.

వకుళ పడవలవాళ్ళ పెద్ద కూతురు. పెళ్ళై ఎక్కువ రోజులు కాలేదు. కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. సున్నం బట్టీవాళ్ళ వేషం కట్టడానికి దాన్ని కూడా సున్నంతోనే కప్పింది.

"మావా, గంప తలకెత్తుకునేటప్పుడు మెడ అంత నిటారుగా పెట్టకండి. కిరీటం పెట్టుకున్నట్టుంది" అంది.

"మావా అంటూ పెట్టకండి అంటావేమిటి? ఎవరైనా వింటే పట్టుబడతాం."

"అవును కదా. పెట్టకు." ఆమె తెడ్డు ఆపి ఆ మాటని నోట్లో పిప్పరమెంటు బిళ్ళలా చప్పరించింది. "పెట్టకు మావా. ఎంత బాగుందో. కోటకి వెళ్ళాక కూడా ఇలాగే పిలుస్తాను."

మరో రోజైతే మేఘధ్వజుడు నవ్వేవాడే. ఇప్పుడు అతను సూర్యుడు ఎంత దిగాడో చూస్తున్నాడు. వకుళ మూట విప్పి బెల్లం కలిపిన అటుకులు అతని అరచేతిలో పోసింది. అతను తినకుండా అలాగే పట్టుకున్నాడు.

అతని భయానికి కారణం ఉంది. శతద్వీప రాజ్యంలో ఊళ్ళన్నీ దీవులే. పగలు ఎంత ఎండ కాసినా, పొద్దు వాలేసరికి సరస్సు మీద పొగమంచు లేచి ముందున్న మనిషి కూడా కనిపించడు. అందుకని ప్రతి దీవిలోనూ రేవు పక్కన ఒక కొమ్ముగట్టు ఉండేది. రాజుగారి కొలువులోని మనుషులు దాని మీద నిలబడి పెద్ద ఇత్తడి కొమ్ములు ఊదేవారు. ఒక్కో దీవికి ఒక్కో పిలుపు. తమ దీవి పిలుపు ఎటు వినిపిస్తే అటు పడవలు వెళ్ళేవి. పిలుపుని ఒక్కరే ఊదే ఆచారం లేదు. మొదటి సగాన్ని ఎత్తు అంటారు, రెండో సగాన్ని దింపు అంటారు. ఎత్తు ఊదే ఇల్లు వేరు, దింపు ఊదే ఇల్లు వేరు. ఒకరి సగం ఇంకొకరు నేర్చుకోకూడదు. దొంగ ఎవడో ఒక్కణ్ణి లోబరుచుకుని పడవల్ని దారి తప్పించకుండా పాతకాలపు రాజులు పెట్టిన కట్టడి అది.

రానురాను ఆ కొలువు పాడైంది. ఎత్తు ఊదేవాడు వస్తే దింపు ఊదేవాడు రాడు. వచ్చినవాడు గట్టు మీదే గురక పెడతాడు. ఒక జాతర రోజున రాజధాని శ్వేతదుర్గం రేవులో ఇద్దరూ పెళ్ళివిందుకు పోయి కూర్చోవడంతో, ఒక పడవ దారి తప్పి నడిసరస్సులోని రాకాసి సుడిలో మునిగిపోయింది. మహారాజు అప్పుడు సరిహద్దు యుద్ధంలో ఉన్నాడు. రాజముద్ర మేఘధ్వజుడి చేతిలో ఉంది. పోయినవాళ్ళ బంధువులు కోట వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే అతనికి అన్నం సయించలేదు. సరిగ్గా ఆ సమయంలో ఉలూకదత్తుడు అనే మాంత్రికుడు వచ్చాడు.

"ఈ తలనొప్పంతా మీకెందుకు యువరాజా? కొమ్ముకొలువు మొత్తం నాకు గుత్తకివ్వండి. నా దగ్గర శంఖాలున్నాయి. అవి నిద్రపోవు, తాగవు, విందులకి పోవు" అన్నాడు. మేఘధ్వజుడు ముద్ర వేశాడు.

ఊరూవాడా మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. గూబతిప్ప గుహలో శంఖం మోగితే మంత్రబలంతో ఆ ధ్వని ఆయా రేవుల్లో వినిపించేది. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. ఇత్తడి కొమ్ముల్ని కరిగించి కోట తలుపులకి బొడిపెలు పోయించారు. కొలువు పోయిన మనుషులు ఎటు వెళ్ళారో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ గుత్త గడువు ఇవాళ్టి పొద్దుతో ముగుస్తోంది. మళ్ళీ రాయాలంటే ఉలూకదత్తుడు కొత్త కోరిక కోరాడు. ఏ పడవ ఏ రేవుకి చేరాలో ఇక మీదట తానే నిర్ణయిస్తానన్నాడు. మేఘధ్వజుడు కుదరదన్నాడు. "మంచిది. ఈ సాయంత్రం నుంచి మీ పిలుపు మీరే పిలుచుకోండి" అని మాంత్రికుడు నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికే మేఘధ్వజుడి చెల్లెలు హేమరేఖ అత్తవారింటి నుంచి పుట్టింటికి వస్తోంది. పడవ ఎప్పుడో బయలుదేరిందని పావురం కబురు తెచ్చింది. పిలుపు లేకపోతే ఆ పడవ నేరుగా రాకాసి సుడిలోకి పోతుంది. గుహ దాటిన శంఖం ఉన్నచోటే మోగుతుంది గనక, మంచు లేవకముందే గూబతిప్పలోంచి శ్వేతదుర్గం శంఖాల్ని దొంగిలించి, తెచ్చి కొమ్ముగట్టు మీద పెట్టాలని భార్యాభర్తలిద్దరూ ఇలా బయలుదేరారు.

గూబతిప్ప వాకిట్లో పులి తల, మనిషి ఒళ్ళు ఉన్న కాపలావాడు గదని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరు మీరు?"

"సున్నం బట్టీవాళ్ళం అన్నా. పగిలిన శంఖాలు ఏరుకుపోదామని వచ్చాం" అంది వకుళ.

"సరే, పొండి."

అంత తేలిగ్గా వదిలేసరికి మేఘధ్వజుడికి అనుమానం వచ్చింది. "గంపల్లో ఏముందో చూడవా?" అనేశాడు. వకుళ అతని కాలు తొక్కింది.

"గంపలు చూడటం నా పని కాదు" అన్నాడు పులితలవాడు ఆవలిస్తూ. "నాది తలుపు పని. గంపలవాడు వేరే. వాడు ఇవాళ రాలేదు."

"నువ్వు ఉలూకదత్తులవారి మనిషివి కాదా అన్నా?"

"ఆయన్ని నేనింతవరకు చూడలేదమ్మా. తలుపుల పని ఆయన ఒక బేతాళుడికి గుత్తకిచ్చాడు. బేతాళుడు పిశాచానికిచ్చాడు. పిశాచం నన్ను పెట్టింది. నాకు తిండి పెట్టాల్సింది ఎవరో మాత్రం ఇంకా తేలలేదు." వాడు వకుళ చేతిలోని మూట వైపు చూశాడు. "అవి అటుకులేనా?"

వకుళ మూట మొత్తం వాడికిచ్చేసింది. పులితలవాడు తలుపు బార్లా తెరిచి, "ఎడమ దారిలో పోకండి. అక్కడ రాగిపాముంది. అది కూడా నా పని కాదనుకోండి, అయినా చెబుతున్నా" అన్నాడు.

శంఖాల గుహకి ఎడమ దారి తప్ప మరో దారి లేదు.

ఆ దారి చివర గుహ ఒక పెద్ద పువ్వులా విచ్చుకుని ఉంది. గోడల నిండా ముత్యపు చిప్పలు తాపడం చేశారు. పైకప్పు చీలికలోంచి జారిన ఒకే ఒక్క ఎండ కిరణం వాటి మీద పడి లేత గులాబీ, లేత పసుపు, చిలకాకుపచ్చ రంగులుగా చెదిరి గుహంతా తిరుగుతోంది. వకుళ తన చేతి మీద వాలిన గులాబీ రంగు చుక్కని చూసి పని మరచి ఒక్క క్షణం నిలబడిపోయింది. గూళ్ళలో జంటలు జంటలుగా తెల్లటి శంఖాలు. ప్రతి శంఖానికీ నల్లపట్టు ముసుగు. వాటికీ వీళ్ళకీ మధ్య నల్లటి నీటి కాలువ.

మేఘధ్వజుడు కాలువలో కాలు పెట్టాడో లేదో నీళ్ళు బుసకొట్టాయి. తాటిచెట్టంత రాగిపాము పడగెత్తి లేచింది. దాని పొలుసులు ఒకదానికొకటి రాసుకుంటే వంటింట్లో బిందెలు దొర్లినట్టు చప్పుడైంది. అతను మొలలో దాచుకున్న కత్తి దూసి కొట్టాడు. కత్తి ఠంగుమని రెండు ముక్కలైంది. పాము తోకతో అతని నడుం చుట్టి నీళ్ళలోకి లాగబోయింది.

"మావా, ఊపిరి బిగబట్టు" అని వకుళ గంపలోని కాల్చిన సున్నపురాళ్ళని పాము పడగ దగ్గర కాలువలో కుమ్మరించింది. రెండో గంప కూడా బోర్లించింది. రాళ్ళు నీళ్ళు తాగి పగిలాయి. కాలువ కుతకుత ఉడికింది. రాగి ఒళ్ళంతా పెనంలా కాలిపోతుంటే పాము చుట్టలు వదిలేసి రాతి బొరియలోకి దూరింది. వకుళ భర్తని జుట్టు పట్టి గట్టు మీదికి లాగింది.

"నడుం పట్టేసింది" అన్నాడు అతను.

"ఇంటికెళ్ళాక కాపడం పెడతాలే. లే మావా."

శంఖాలు పెట్టుకోవడానికి ఒక గంప తీసుకుని, ఉడుకుతున్న నీళ్ళ మీదుగా రాళ్ళు పట్టుకుని అవతలికి దాటారు. తెల్ల తామర గుర్తు చెక్కిన గూడు శ్వేతదుర్గానిది. అందులో రెండు శంఖాలున్నాయి. మేఘధ్వజుడు ఒకదాని ముసుగు తీశాడు.

లోపలి నుంచి చిన్న దగ్గు వినిపించింది. "పొద్దు వాలిందా?" అని ఎవరో అడిగారు. ముసలి ఆడగొంతు.

శంఖం నోట్లోంచి ఒక నత్త మెల్లగా బయటికి వచ్చింది. దాని ముఖం వేలిగోరంత. అయినా మనిషి ముఖమే. నుదుటి మీద పచ్చబొట్టు కూడా ఉంది.

"ఎవరవ్వా నువ్వు?" అంది వకుళ, నేల మీద కూలబడి.

"ఓబులమ్మనమ్మా. శ్వేతదుర్గం రేవులో దింపు ఊదేదాన్ని. ఇప్పుడూ అదే ఊదుతున్నా. ఇల్లే కాస్త ఇరుకైంది."

"మరి మంత్రపు శంఖాలంటే..."

"మంత్రమేముంది తల్లీ? మేమే." ఓబులమ్మ కొమ్ముల్లాంటి కళ్ళు అటూ ఇటూ తిప్పింది. "కొలువు పోయాక మాంత్రికుడు కబురంపాడు. పని అదే, పిలుపు అదే, వచ్చి చేరండన్నాడు. మాకు తెలిసిన పని ఇంకేముంది? పరుగున వచ్చాం. శంఖం మూతికి నోరానించి ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చమన్నాడు. పీల్చాం. ఆ ఊపిరి వెంటే మేమూ లోపలికొచ్చి పడ్డాం. మళ్ళీ బయటపడాలంటే వాడే ఊపిరి ఊదాలి. వాడెందుకు ఊదుతాడు?"

మేఘధ్వజుడు శంఖానికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అవ్వా, నేను మేఘధ్వజుణ్ణి. ఆ గుత్తకి ముద్ర వేసింది నేనే."

నత్త కొమ్ముకళ్ళు చాచి అతని ముఖంలోకి చూసింది.

"యువరాజుగారా? సున్నంలో పోల్చుకోలేకపోయాను." కళ్ళు దించుకుంది. "మా వీధిలో ఇప్పుడెవరుంటున్నారు బాబూ?"

"గుర్రాలు. అక్కడ శాల కట్టించాం."

"గుర్రాలు మంచివే" అంది ఓబులమ్మ. "మా పెరట్లో కరివేపాకు చెట్టుండేది. గుర్రాలు తినవులెండి."

అతను తల వంచుకున్నాడు. "ఆ రోజు పడవ మునిగింది అవ్వా. మీరిద్దరూ గట్టు మీద లేరు."

"లేం. పెళ్ళిలో అప్పడాలు వేయిస్తున్నారు, వేడివేడిగా ఒకటి తినిపోదాం అనుకున్నాం. అబద్ధమెందుకు? ఆ అప్పడం ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతూనే ఉంది. మేం నిద్రపోయిన మాట నిజం బాబూ. కానీ రాజుగారి మనిషి ఒక్కడైనా మెట్లెక్కి గట్టు మీదికి వచ్చి చూసిన పాపాన పోలేదు. మీరు మమ్మల్ని లేపి ఉండాల్సింది. మార్చేశారు."

మేఘధ్వజుడు గూటి వైపు తిరిగాడు. రెండో ముసుగు తీసి చూశాడు. శంఖం ఖాళీగా ఉంది.

"ఎత్తు ఊదే చెన్నడు ఇవాళ తెల్లవారుజామునే పోయాడు" అంది ఓబులమ్మ. "అది కొత్త శంఖం. ఎవరైనా వచ్చి చేరతారని పెట్టారు. ఇంతకుముందు పోయినవాళ్ళ శంఖాల్లాగే చెన్నడి శంఖాన్నీ బయట కుప్పలో పారేశారు. కుప్పని సున్నం బట్టీవాళ్ళు పట్టుకుపోతారుగా."

చెల్లెలు వస్తోందని మేఘధ్వజుడు ఈ వారమే కోట గోడలన్నిటికీ కొత్త సున్నం వేయించాడు. ఆ సున్నం గూబతిప్ప కుప్పదే. ఇప్పుడు ఒంటికి పూసుకున్నదీ అదే. అతను తన రెండు చేతులు దూరంగా పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. వకుళ పైటచెంగు తడిపి, ఒక్కొక్క వేలే పట్టుకుని తుడిచింది.

"సున్నం మీకు బాగా నప్పింది యువరాజా" అన్న మాట వెనక నుంచి వినిపించింది.

ఉలూకదత్తుడు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గుండ్రటి కళ్ళు, చిన్న గడ్డం, అల్లుడి కాళ్ళు కడగబోయే మామగారిలా మర్యాదైన నవ్వు.

"కోపంగా ఉన్నట్టున్నారు. నేనెవరి ఇంటికీ కన్నం వేయలేదు. మీరు పిలిస్తే వచ్చాను. మీరు ఇస్తే పుచ్చుకున్నాను. పని ఎలా జరుగుతోందని మీరు ఒక్కనాడైనా అడిగారా? అడిగితే చూపించేవాణ్ణి."

"అడగలేదు. అది నా తప్పే" అన్నాడు మేఘధ్వజుడు. "ఇప్పుడు నా కొలువు నాకిచ్చేయి."

"తీసుకోండి. ఆ మాత్రం దానికి వేషాలెందుకు?" మాంత్రికుడు చేతులు చాపాడు. "మరి ఊదేదెవరు? కొమ్ములేవి? ఎత్తు ఊదేవాడు మీ దగ్గర ఒక్కడూ లేడు. దింపు ఒక్కటీ మోగితే సగం పిలుపు. దాన్ని నమ్ముకుని వచ్చే పడవ నడిదారిలో తిరుగుతుంది. నడిదారిలో ఏముందో మీకు తెలుసు. కొత్త గుత్తకి ముద్ర వేయండి, ఈ క్షణమే ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడతాను. హేమరేఖమ్మ హాయిగా ఇల్లు చేరుతుంది."

పైకప్పు చీలికలోంచి వచ్చే ఎండ పల్చబడింది. గోడల మీది రంగులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

మేఘధ్వజుడు గొంతు సవరించుకుని, మెల్లగా ఏదో కూనిరాగం తీశాడు. ఓబులమ్మ ఉలిక్కిపడి శంఖంలోంచి సగం బయటికి వచ్చింది. అది శ్వేతదుర్గం ఎత్తు. ఆ దీవిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ రాగం చెవుల్లో ఉంటుంది. నోటితో పలికితే పెద్దవాళ్ళు చెంప పగలగొడతారు గనక ఎవరూ పలకరు.

"అంత వేగం కాదు బాబూ" అంది ఓబులమ్మ గాభరాగా. "చివర సాగాలి. అక్కడే నేనందుకుంటాను."

"ఉలూకదత్తా, పాత గుత్తలో నేను రాయించిన మాట ఒకటుంది" అన్నాడు మేఘధ్వజుడు. "పని కోరి వచ్చినవాణ్ణి కాదనరాదు. కొలువు పోయినవాళ్ళకి కాస్త కూడు దొరకాలని రాయించాను. ఆ మాట పట్టుకునే నువ్వు వీళ్ళందర్నీ లోపలికి లాగావు. ఆ గుత్త ఇవాళ పొద్దు కుంకేదాకా ఉంది."

మాంత్రికుడి నవ్వు మొదటిసారి చెదిరింది. తాను పట్టిన మాట తానే తప్పితే మంత్రమంతా తెగిపోతుంది. అందుకే కదలకుండా నిలబడ్డాడు. "మీరు రాజు కాబోయేవారు" అని మాత్రం అన్నాడు.

వకుళ భర్త చేతిలోని ఖాళీ శంఖాన్ని గట్టిగా పట్టుకుంది. "మీరు లోపలికి పోతే నేనేం చెయ్యాలి?"

"పడవ నడుపు. నాకన్నా నీకే బాగా వచ్చు. మంచు లేవకముందే మమ్మల్ని కొమ్ముగట్టు మీద పెట్టు."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు" అన్నాడతను. ఆమె నుదుటి మీద అంటిన సున్నపు చుక్కని బొటనవేలితో తుడిచి, శంఖం మూతికి పెదవులానించి ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు.

గాలి ఒక్కసారి గుండ్రంగా తిరిగింది. వకుళ పక్కన ఎవరూ లేరు. శంఖం మాత్రం వెచ్చగా ఉంది.

ఉలూకదత్తుడు చెయ్యి చాపాడు. "ఇక అది ఇలా ఇవ్వమ్మాయీ. పొద్దు కుంకి గుత్త పోయినా అందులో ఉన్నవాడు నా ఊపిరికి కట్టుబడ్డవాడే."

"ఇస్తానుండు" అని వకుళ గంప అడుగున మిగిలిన సున్నపు పొడిని గుప్పెడు తీసి ఆ గుండ్రటి కళ్ళలో కొట్టింది.

మాంత్రికుడు కేక పెట్టి గుడ్లగూబై ఎగిరాడు. కళ్ళు కనబడక గోడలకి కొట్టుకుంటుంటే ముత్యపు చిప్పలు జలజలా రాలాయి. వకుళ రెండు శంఖాల్నీ కొంగులో కట్టుకుని రాళ్ళ మీదుగా గెంతుతూ పరిగెత్తింది. రాగిపాము బొరియలోంచి బుసకొట్టింది గాని చల్లారని నీళ్ళలోకి రాలేదు. వాకిట్లో పులితలవాడు అటుకులు తింటూ తలెత్తి చూశాడు.

"పట్టుకో, పట్టుకో" అని లోపలి నుంచి గుడ్లగూబ అరిచింది.

"లోపలికొచ్చేవాళ్ళని ఆపమన్నారు, పోయేవాళ్ళని కాదు" అని వాడు తలుపు పక్కకి లాగి దారిచ్చాడు.

వకుళ పడవ నెట్టి తెడ్డందుకుంది. దూరంగా శ్వేతదుర్గం గోడలు సంజకెంపులో లేత గులాబీగా మెరుస్తూ కనిపించాయి. ఆ తెల్లదనం ఎవరిదో తెలిశాక ఆమె వాటిని సూటిగా చూడలేకపోయింది. అంతలో గుడ్లగూబ తిప్ప మీది చెట్టు చివరికెక్కి రెక్కలు విప్పి విసిరింది. విసిరిన ప్రతిసారీ సరస్సు మీద మంచు గుట్టలు గుట్టలుగా లేచింది. గోడలు మాయమయ్యాయి. తర్వాత తామరలు మాయమయ్యాయి. చివరికి పడవ ముక్కు కూడా కనిపించలేదు.

వకుళ నీటి వాలుని అరచేత్తో తడిమి, ఆ గురుతు మీద సగం దూరం నడిపింది. అప్పుడు రెండు చప్పుళ్ళు ఒకేసారి వినిపించాయి. ఒకటి, ఎడమ పక్క రాకాసి సుడి గురగుర. రెండోది, ఆ సుడికి దగ్గరగా చిరుగజ్జెల మోత. హేమరేఖ పడవ అంచుకి ఆమె అత్తవారు కట్టే వెండి గజ్జెలు అవి.

కొమ్ముగట్టు ఇంకా ఎంతో దూరంలో ఉంది. వకుళ రెండు శంఖాల్నీ ఒళ్ళోకి తీసుకుంది. "ఇక్కడే పిలవండి. ఇప్పుడే పిలవండి" అంది.

ఎత్తు లేచింది. బొంగురుగా, వణుకుతూ, కొత్తగా సన్నాయి నేర్చినవాడి రాగంలా లేచింది. మధ్యలో తెగబోయింది. చివర సాగింది. అక్కడ ఓబులమ్మ దింపు దాన్ని అందుకుని, ఎన్నేళ్ళ నాటి నేర్పుతోనో కిందికి దించి నీళ్ళ మీద పరిచింది. గజ్జెల మోత ఆగింది. మళ్ళీ వినిపించినప్పుడు అది సుడికి దూరంగా, ఇటువైపు తిరిగింది.

మంచులోంచి ఒక దీపం, దాని వెనక పడవ, పడవ ముందు చేతులూపుతూ హేమరేఖ కనిపించారు.

"వదినా, మీరా? సున్నంలో మునిగారేమిటి?" ఆమె పడవ అంచు మీదికి వంగి నవ్వింది. "రేవుకి వచ్చేశామనుకున్నాను. ఇదెక్కడ?"

వకుళ ఆమె భుజం మీదుగా చూసింది. హేమరేఖ వెనక ఇంకో దీపం కనబడింది. దాని పక్కన మరొకటి. కుడి వైపున కొన్ని. తెల్లవారకముందే వేటకి పోయి, పిలుపు ఉండదన్న చాటింపు వినని జాలరి పడవలు అవన్నీ. శ్వేతదుర్గం పిలుపు వినిపించిన చోట రేవు ఉంటుందని నమ్మి, పిల్లలు ఎదురుచూస్తున్న ఇళ్ళకి వస్తున్నామనుకుని, నడిసరస్సులోకి, సుడి పక్కకి తిన్నగా వస్తున్నాయి. పిలుపు ఆపితే అవి ఎటు పోతాయో తెలియదు. ఆపకపోతే ఇక్కడికే వస్తాయి. ఇక్కడ రేవు లేదు.

"పిలుపు ఆపకండి" అంది వకుళ శంఖాలతో. వాటిని ఒళ్ళోనే ఉంచుకుని తెడ్డు రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేను కోట వైపు నడుపుతాను. పిలుస్తూ రండి. రేవే కదిలి ముందు పోతున్నట్టు వీళ్ళంతా వెనక వస్తారు. అమ్మాయీ, నా పడవని వదలకుండా రమ్మను మీ వాళ్ళని."

"కోట ఎటువైపో కనిపిస్తోందా వదినా?"

"లేదు" అంది వకుళ, తెడ్డు నీళ్ళలో దింపి.

పైన ఎక్కడో గుడ్లగూబ రెక్కల చప్పుడు వెతుకుతూ తిరుగుతోంది. ఎత్తు లేచింది, దింపు దిగింది. దీపాలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టాయి.

"అన్నయ్య రేవులోనే ఉన్నాడా?" అంది హేమరేఖ పక్క పడవలోంచి. "నన్ను దింపుకోడానికి తనే వస్తానన్నాడు. ఈ ఊదేవాడెవరో కొత్తవాడిలా ఉన్నాడు, పాపం. అన్నయ్యతో చెప్పి మంచివాణ్ణి పెట్టించాలి."

వకుళ ఒళ్ళో ఒక శంఖం వణికింది. ఎత్తు సగంలో తెగిపోయి, మళ్ళీ మొదలైంది.

దింపు అందుకునే ముందు దొరికిన ఆ కాస్త సందులో ఓబులమ్మ గొంతు గుసగుసగా వినిపించింది.

"ఏడవకండి బాబూ. ఊపిరి చాలదు. వెనక పడవలొస్తున్నాయి."